మొగలిలంక వారికి మాత్రమే

వైశాఖ బహుళ షష్ఠి

మంచినీటి తొట్టి సగానికి కొంచెం పైన ఉంది. గడపకు నాలుగు బిందెల చొప్పున ఇచ్చాను. సత్తెయ్య ఇంట్లో ఐదో బిందె అడిగారు. చుట్టాలొచ్చారట. ఇవ్వలేదు. చుట్టాలు తమ వాటా నీళ్ళు తామే తెచ్చుకోవాలని గట్టుపేటలో మొదటి ఏడాదే తీర్మానం చేసుకున్నాం. ఆ తీర్మానం కింద మొదటి సంతకం సత్తెయ్యదే. సత్తెయ్య మా ఆయనకు పినతండ్రి కొడుకు, నాకు మరిది. మరిది అయినంత మాత్రాన బిందె పెద్దదైపోదు.

నారుమడి మళ్ళీ పోయింది. మొలకలు వేలెడు లేచి, కొసలు ఎండి, ఉల్లిపొరలా తెల్లబడ్డాయి. మడిలో మీటరు పుల్ల పెట్టి చూశాను. ఉప్పు ముల్లు ఎర్రగీత దాటింది. సముద్రానికి అడ్డంగా పోసిన పెద్ద గట్టుకు లోపల, ఈ చవిటినేలను మాకిచ్చి, పునరావాస సంస్థ మూడు పంటకాలాల గడువు పెట్టింది. ఇది మూడోది. కోత చూపిస్తే నేల మాది. చూపించలేకపోతే నలభై గడపలూ తిరిగి కొండ టవర్లకు పోవాలి, ఎవరికి ఏ అంతస్తులో ఖాళీ ఉంటే అక్కడికి, తలొక దిక్కుకు.

నా మనవరాలు నిహిత ఈ ఊరి పంపులు చూసుకుంటుంది. ఈరోజు తెరమీద వెతికి వెతికి ఒకటి పట్టుకుంది. మా పెద్దలు వదిలొచ్చిన మొగలిలంకలో పెచ్చెట్టి వరహాలమ్మ అనే రైతు, ఉప్పునేలలో వరి పండించడం మీద చెప్పిన పాఠాలు. మా దగ్గరున్న విత్తనం కూడా ఆ లంకదే. వారసులమని విత్తనాల బ్యాంకు ఇచ్చింది గానీ, ఎలా పండించాలో చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆశగా నొక్కితే తెర ఎప్పటి మాటే చెప్పింది: ఈ కార్యక్రమం మీరున్న ప్రాంతంలో అందుబాటులో లేదు. మొగలిలంక వారికి మాత్రమే.

"ఇప్పుడు మొగలిలంక ఎక్కడుంది మామ్మా?" అంది నిహిత.

"సముద్రం అడుగున."

"అయితే పాఠాలు చేపలు చూసుకుంటాయా?"

వెటకారం వద్దన్నాను. ప్రశ్న మాత్రం సరైనదే.

వైశాఖ బహుళ దశమి

తెర సంస్థకు నేను రాసిన అర్జీకి జవాబు వచ్చింది. మర్యాదగా కుదరదన్నారు. పాత ఒప్పందం ప్రతి కూడా పంపారు. భోజనం అయ్యాక కూర్చుని పూర్తిగా చదివాను.

హద్దు పెట్టింది తెర సంస్థ కాదు. లంకవాళ్ళే పెట్టించుకున్నారు. అంతకుముందు ఎవరో విత్తన వ్యాపారులు వాళ్ళ సాగు పద్ధతిని తెరమీద చూసి, తమదేనని పేరు పెట్టుకుని అమ్ముకున్నారట. అందుకని లంక సహకార సంఘం ఈ పాఠాలు లంక నేలమీద నిలబడినవారికి తప్ప ఇంకెవరికీ చూపించకూడదని రాయించుకుంది. తమ ఊరు మునుగుతుందని తెలిసీ, పాఠాలకు ఆ ఊరి తాళమే వేసుకున్నారు. ఎంత దెబ్బ తిని ఉంటారో.

ఇంకో షరతు ఉంది. సభ్యులు ఇరవై ఒక్కమంది కలిసి కోరితే హద్దు ఎత్తివేయాలి. సభ్యుడంటే లంక నేలలో మేకు దించి పేరు చెప్పుకున్నవాడు. ఇప్పుడు సభ్యులు ఎంతమంది అని అడిగాను. ఎవరూ లేరని జవాబిచ్చారు.

మేకు సంగతి ఇక్కడ రాసి పెట్టుకోవాలి. ఉపగ్రహాన్ని మోసం చేయడం చిన్నపిల్లలకు కూడా వచ్చేశాక ప్రతి తెరపెట్టెకూ ఒక ఇనుప మేకు తగిలించారు. మేకు నేలలో దిగాలి. ఉపగ్రహం చెప్పిన చోటు, మేకు రుచి చూసిన మట్టి ఒకటే కావాలి. రెండూ కుదిరితేనే తెర తెరుచుకుంటుంది.

వైశాఖ బహుళ త్రయోదశి

నేను నీళ్ళు పంచడానికి వెళ్ళిన సమయంలో నిహిత తెరకు దొంగచోటు చెప్పింది.

లంక వదిలి వచ్చేటప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ పిడికెడు మట్టి మూటకట్టుకున్నారు. యాభై ఏళ్ళుగా ఆ మట్టే మా తులసికుండీల్లో ఉంది. నా అత్తగారు పోతూ పోతూ ఆ కుండీనే నాకు అప్పగించారు. ఈ పిల్ల దాంట్లో మేకు గుచ్చి, ఉపగ్రహానికి ఏవో గంతలు కట్టింది. తెర తెరుచుకుంది. పాలు పొంగేంతసేపు కూడా నిలవలేదు. కీచుమని అరిచి మూసుకుపోయింది. మా ఇంటి మేకును పక్షం రోజులు పనిచేయకుండా ఆపేశారు.

తులసిలో ఇనుము గుచ్చినందుకు కోపం వేరు, అబద్ధం చెప్పినందుకు కోపం వేరు. రెండింటికీ విడివిడిగా శిక్ష వేశాను. మొదటిదానికి పక్షం రోజులు స్నానపు నీళ్ళలో సగం కోత. రెండోదానికి తొట్టి పాచి గీకడం. నిహిత ఎదురు చెప్పలేదు. పాచి గీకుతూ ఒక్క మాట అంది.

"ఒక ముసలావిడ కనిపించింది మామ్మా. చుట్టూ నీళ్ళే. ఆవిడ మాత్రం ఎత్తు మీద నిలబడి ఉంది. పాదాలు పొడిగా ఉన్నాయి."

ఈ సంగతి విన్న సత్తెయ్య కళ్ళు మెరిశాయి. ఎత్తంటే గట్టే కదా అన్నాడు. లంకలో ఏడేళ్ళవాడుగా ఉండగా ఊరు వదిలాడు. సాగంతా పైనేలల్లో, పెద్ద కమతాల్లో నేర్చుకున్నాడు. మడి చదును చేయడంలో అతన్ని మించినవాళ్ళు లేరు. అతను చదును చేసిన మడిలో నీళ్ళు పెడితే అద్దం పరిచినట్టుంటుంది, ఈ చివరా ఆ చివరా ఒకే లోతు. గట్లు ఎత్తు చేసి వాననీళ్ళు నిలవగడితే ఉప్పు చచ్చిపోతుందని అందరికీ చెప్పాడు. నాకూ సబబుగానే తోచింది. నేను టవర్లలో పుట్టి, టవర్ల బడిలో లెక్కలు చెప్పినదాన్ని. పొలం సంగతి నాకేం తెలుసు?

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి

గట్లు నడుమెత్తు లేచాయి. ఊరంతా మట్టి మోసింది. నాలుగు చినుకులు పడితే ఆ నీళ్ళన్నీ నిలబెట్టి, రెండో విడత నారు పోశాం. ఎండకు నీళ్ళు ఇగిరిపోయాయి, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు. మడి మీద తెల్లటి పొర కట్టింది. వేలితో తీసి నాలికకు రాసుకున్నాను. వంటలో వేసుకోవచ్చు.

సత్తెయ్య గట్టు మీదే కూర్చుండిపోయాడు. నేను మజ్జిగ పంపాను, నా వాటాలోంచి.

విత్తనం ఇక ఒక్క విడతకే ఉంది. కొట్టు తాళంచెవి నా కొంగుకే ఉంది.

జ్యేష్ఠ పౌర్ణమి

మా మేకు శిక్ష తీరింది. లంక నేలమీద నిలబడమన్నారు కదా, వెళ్ళి నిలబడదాం అన్నాను. నిహిత నా మొహం వంక చూసి, ఎగతాళి కాదని నమ్మకం కుదిరాక పడవ మాట్లాడింది.

పడవ యాళ్ళ నూకరాజుది. లంక మునిగిన చోట వల వేయడం అతనికి అలవాటు. పౌర్ణమి నాడు పాటుకు సముద్రం నీరు బాగా వెనక్కి లాగుతుందని, మధ్యాహ్నానికి తీసుకెళ్ళాడు. చుట్టూ నీళ్ళు, మధ్యలో పాత మంచినీళ్ళ ట్యాంకు తల ఒక్కటే. మా వెంట వచ్చిన సత్తెయ్య దాన్ని చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. ఆ ట్యాంకు పక్కనే బడి, బడి ముందు ఎత్తు అరుగు ఉండేదట. నూకరాజు గడ వేసి చూశాడు. అరుగు మీద నీళ్ళు మోకాలి లోతే.

ట్యాంకు మీద కూర్చుని చూసేద్దామన్నాడు నూకరాజు. సిమెంటును మేకు ఒప్పుకోలేదు. మేకును నీళ్ళలోంచి అడుగు మట్టిలో దించాం. ఉప్పునీరు తగిలి గుడ్డిదైపోయింది. చివరికి నూకరాజు మునిగి బక్కెట్టుడు మట్టి తీశాడు. పడవలో ఆ బక్కెట్టు పెట్టి, మేకు గుచ్చాం. తెర కాసేపు ఆలోచించి చెప్పింది: చోటు కదులుతోంది. స్థిరమైన నేలపై ప్రయత్నించండి.

నూకరాజు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"లంకకి లంకే ములిగిపోతే ఊరుకున్నారు గానండి, బక్కెట్టు కదిలితే వొచ్చిందా ఈళ్ళకి కోపం?"

తిరుగుదారి పట్టాం. నేను ఒప్పందాన్ని మనసులోనే మళ్ళీ చదువుకుంటున్నాను. లంక నేలమీద అని ఉంది. నేల ఎంత ఎత్తు ఉండాలో లేదు.

"సత్తెయ్యా, గండి పడితే ఎలా పూడుస్తారు?" అన్నాను.

అతను తలెత్తాడు. "తడికలు పాతి, లోపల మట్టి కొట్టి. ఏం వదినా?"

"నీళ్ళ మధ్యలో గుండ్రంగా పాతితే నిలబడుతుందా?"

"పాటు తీసినప్పుడు పాతితే ఒక పూట నిలబడుద్ది. ఆ పైన దాని ఇష్టం."

ఒక పూట చాలు అన్నాను.

జ్యేష్ఠ బహుళ అష్టమి

వారం పది రోజులుగా ఇంటింటా వెదురు చీల్చి తడికలు అల్లుతున్నారు. తొట్టి పావు వంతుకు పడింది. గడపకు మూడు బిందెలే ఇస్తున్నాను. ఎవరూ గొణగలేదు, నాకదే ఆశ్చర్యం.

నిహిత నా పక్కన కూర్చుని అల్లుతూ అడిగింది. "నేను కుండీలో గుచ్చితే దొంగచోటన్నావు. మనమే మట్టి పోసి నేల చేస్తే అది దొంగచోటు కాదా మామ్మా?"

మంచి ప్రశ్న. రాత్రి పడుకోబోయే ముందు నన్ను నేను అడుగుతున్నదీ అదే. నువ్వు ఇక్కడ కూర్చుని అక్కడున్నానన్నావు, మేం అక్కడికే వెళ్ళి అక్కడున్నామంటాం అని చెప్పాను. ఆ చోటి మట్టి ఆ చోటే ఉంటుంది. ఎత్తు మాత్రం మారుతుంది. సముద్రం కూడా ఎత్తు మార్చింది గానీ ఎవరి అనుమతీ అడగలేదు.

"నువ్వు వకీలు అవ్వాల్సింది," అంది.

లెక్కల టీచర్లకూ వకీళ్ళకూ తేడా ఉందన్నాను. మాకు జవాబు కూడా రావాలి.

జ్యేష్ఠ అమావాస్య

నాలుగు పడవల్లో వెళ్ళాం. నూకరాజు అరుగు ఉన్నచోట గడ పాతి గుర్తు పెట్టాడు. పాటు ఇంకా తీస్తుండగానే మగవాళ్ళు నడుంలోతు నీళ్ళలో దిగి రెండు వరసల తడికలు గుండ్రంగా పాతారు. మిగిలినవాళ్ళు అడుగు మట్టి తవ్వి తట్టల్లో చేతులు మార్చుకుంటూ లోపల పోశారు. మొదటి తట్టలన్నీ కరిగి బురదనీళ్ళై తడికల సందుల్లోంచి పోయాయి. సత్తెయ్య గొంతు పోయేదాకా అరిచి, లోపలివైపు గడ్డి పరిపించాడు. అప్పుడు నిలిచింది. మట్టి నీళ్ళపైకి తల ఎత్తింది. కాళ్ళతో తొక్కి గట్టిచేశారు. నీళ్ళు పూర్తిగా తీసేసరికి, నలుగురు నిలబడేంత దిబ్బ, నీళ్ళ మీద మోకాలెత్తున లేచింది.

నిహిత మేకు దించింది. అందరం తెర వంక చూశాం. తర్వాత రెండు ముక్కలు వచ్చాయి.

ప్రాంతం: మొగలిలంక. మీ పేరు?

నిహిత పేరు చెప్పింది. నేను, నూకరాజు చెప్పాం. సత్తెయ్యను రమ్మంటే రాలేదు. నీళ్ళలోనే నిలబడి, దిబ్బ అంచును చేత్తో రాస్తున్నాడు. చివరికి ఎక్కాడు. పేరు చెప్పేటప్పుడు ఇంటిపేరు, తండ్రిపేరు, పెంకుల రేవు పక్క ఇల్లు అని గుర్తు కూడా చెప్పాడు. తెర అడగలేదు. అయినా చెప్పనిచ్చాను.

మొదటి పాఠం తెరుచుకుంది. నిహిత ఆత్రంగా ముందు పాఠాలకు పోబోయింది. ఒకటి తర్వాతే రెండు అని చెయ్యి పట్టుకుని ఆపాను.

వరహాలమ్మ అచ్చం ఊళ్ళో ఆడమనిషి. పైకి దోపిన చీర, చేతిలో పార. ముందుగా మమ్మల్ని చూసి నవ్వింది.

"చదును బాగా కుదిరిందని మురిసిపోకండి నాయనా. నేల చదునుగా ఉంటే ఉప్పుకి మంచం వేసినట్టే. నీళ్ళు ఇగిరిపోతాయి, అది పడుకునే ఉంటది. దిబ్బలు కట్టండి, మోకాలెత్తు. ఇదిగో, నేను నిలబడ్డాను చూడండి. వాన దిబ్బ మీద పడి ఉప్పుని కడుక్కుంటా కిందికి దిగిపోద్ది. మొలక పైన, ఉప్పు కింద. నారు ఎదిగాక ఆ దిబ్బనే తవ్వి చుట్టూ పరిచెయ్యండి, పైరు అక్కడే ఉండిపోద్ది."

ఆవిడ నిలబడింది గట్టు మీద కాదు. పొలం నడిమధ్యన, గుండ్రటి మట్టిదిబ్బ మీద. వెనక అలాంటివి వరసలు వరసలుగా ఉన్నాయి.

సత్తెయ్య తెర వంక చూడటం మానేసి తన కాళ్ళ వంక చూసుకున్నాడు. మేమందరం చూసుకున్నాం.

"మరి పొద్దున్నించి మనం కట్టిందేంటండి?" అన్నాడు నూకరాజు మెల్లగా.

పోటు మొదలయ్యే వరకు మూడు పాఠాలు చూశాం. పడవలు కదిలే ముందు అందరిచేతా ఎక్కాలు చెప్పించినట్టు వరసగా చెప్పించాను. దిబ్బ ఎంతెత్తు, దిబ్బకూ దిబ్బకూ మధ్య ఎంత, గింజలు ఎప్పుడు నానబెట్టాలి, దిబ్బ ఎప్పుడు తవ్వాలి. సత్తెయ్య ఒక్క ముక్క తప్పలేదు.

ఆషాఢ శుద్ధ పంచమి

సత్తెయ్య తన చదునును తనే తవ్వాడు. మొదటి పార తనే వేస్తానని మిగిలినవాళ్ళను ఆపాడు. ఇప్పుడు మా పొలం పుట్టలు లేచినట్టుంది. పైనేలల నుంచి ఎవరైనా వస్తే నవ్వుతారు.

విత్తనం విషయంలో నాకూ అతనికీ మాట పడింది. సగం వేసి సగం దాచుదామన్నాను. ఏ లెక్కలోనైనా నిల్వ ఉండాలి. అతను గట్టిగా మాట్లాడలేదు.

"వదినా, ఈ పంట రాకపోతే ఆ సగం ఎక్కడ చల్లుతావు? పదహారో అంతస్తులోనా?"

కొట్టు తాళం తీశాను. మొత్తం ఇచ్చాను. నేను లెక్క రాయడం మొదలుపెట్టాక నిల్వ దగ్గర సున్నా వేయడం ఇదే మొదటిసారి. సున్నా గుండ్రంగా వేశాను.

ఆషాఢ శుద్ధ ద్వాదశి

వాన లేదు. గింజలు దిబ్బల మీద గడ్డి కింద ఉన్నాయి. తొట్టి అడుగు కనిపిస్తోంది. నిహిత పంపు దగ్గర కూర్చుని ఆకాశాన్ని తిడుతోంది. తిట్టవద్దన్నాను, అది ఎటూ వినదు.

ఆషాఢ పౌర్ణమి

వాన. తెల్లవారుజామున మొదలై ఇప్పటికీ ఆగలేదు. తొట్టి నిండి పొర్లింది. గొడుగు వేసుకుని పొలానికి వెళ్ళాను. దిబ్బల పక్కల నుంచి సన్నటి నీటిపాయలు దిగుతున్నాయి. దిబ్బల మధ్య నిలిచిన నీళ్ళలో పుల్ల పెట్టాను. ముల్లు ఎర్రగీత దాటింది. దిబ్బ మీద గుచ్చాను. పచ్చగీత దగ్గర ఆగింది. ఇంకో దిబ్బ. అక్కడా అంతే. సత్తెయ్య నా వెనక తడుస్తూ నిలబడి ఉన్నాడు. మీటరు అతని చేతిలో పెట్టాను.

ఈరోజు గడపకు ఎన్ని బిందెలు కావాలంటే అన్ని.

ఆషాఢ అమావాస్య

నారు జానెడు పైన ఉంది, ఆకుపచ్చగా.

మిగిలిన పాఠాల కోసం మళ్ళీ లంకకు వెళ్ళాం. మా దిబ్బ ఉంటుందనుకోలేదు. ఒక పక్క జారింది గానీ, తడికలకు కొత్త ఒండ్రు చేరి రెండో పక్క ఇంకా వెడల్పయింది. దాని మీద వేలంత మడమొక్క ఒకటి, రెండాకులతో. ఎవరూ నాటింది కాదు. నూకరాజు దాని చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి, ఎవరూ తొక్కకండి అన్నాడు. సముద్రం మధ్యలో.

ఈసారి ఊళ్ళో పడవెక్కగలిగిన పెద్దవాళ్ళందరినీ వెంటబెట్టుకెళ్ళాను. వంతుల వారీగా దిబ్బ ఎక్కి పేర్లు చెప్పారు. ఇరవై ఒకటి దాటింది.

శ్రావణ శుద్ధ సప్తమి

హద్దు ఎత్తివేయాలా వద్దా అని పంపుల షెడ్డులో కూర్చున్నాం. సత్తెయ్య వద్దన్నాడు. ఒకసారి దొంగలు దోచారనే కదా పెద్దలు తాళం వేశారు, మనం తీస్తే మళ్ళీ దోస్తారు అని. అతని మాటలో న్యాయం ఉంది. చాలామంది తలలూపారు.

నిహిత లేచింది. నా అనుమతి కోసం చూసింది. కానిమ్మన్నాను.

"అప్పుడు మనూరు పైనుంది, చిన్నతాతా. పోగొట్టుకోడానికి ఏదో ఉంది కాబట్టి తాళం వేశారు. ఇప్పుడు మునిగిన ఊళ్ళు ఎన్ని లేవు? మనలాగే ఎక్కడో మడి చదును చేసుకుంటూ కూర్చుని ఉంటారు, పాపం."

"చదును చేసుకుంటూ" అన్నచోట అందరూ సత్తెయ్య వంక చూశారు. అతను కోపం తెచ్చుకోబోయి నవ్వేశాడు.

నేను ఒక్క షరతు చేర్చాను. ఎవరు చూసినా, ఎవరు నేర్పినా, పద్ధతికి పెచ్చెట్టి వరహాలమ్మ పేరు, మొగలిలంక పేరు పక్కన ఉండాలి. పెద్దలు తాళం వేసింది ఆ పేరు కోసమే. చేతులెత్తారు. సత్తెయ్య చివర ఎత్తాడు, కానీ ఎత్తాడు.

మార్గశిర శుద్ధ విదియ

పునరావాస సంస్థ నుంచి ఇద్దరు వచ్చి కోత చూశారు, తూకం వేశారు. నా తూకానికీ వాళ్ళ తూకానికీ కొంచెం తేడా వచ్చింది. వాళ్ళ కాటాను సరిచేయించాను. నేల పత్రాలు సాయంత్రానికల్లా వచ్చాయి. విత్తనానికి కావలసినంత తీసి, కొట్టులో పోసి తాళం వేశాను. నిల్వ దగ్గర సున్నా పోయింది.

నిహిత పత్రాల కంటే తెరనే ఎక్కువ చూస్తోంది. హద్దు ఎత్తినప్పటి నుంచి పాఠాల కింద ప్రశ్నలు వస్తున్నాయి. ఈరోజు వచ్చినది ఎక్కడో దక్షిణాన మునిగిన తీరం నుంచి. భాష వేరు, తెర మార్చి చూపించింది. వాళ్ళకూ ఇది చివరి పంటకాలమేనట. దిబ్బ ఖచ్చితంగా ఎంతెత్తు ఉండాలి, చెప్పేవాళ్ళు ఎవరైనా బతికి ఉన్నారా అని అడిగారు.

సత్తెయ్యను పిలిపించాను. కొత్త బియ్యం అన్నం తింటూ ఎంగిలిచేత్తోనే వచ్చాడు. చెయ్యి కడుక్కుని రమ్మని పంపాను. కడుక్కుని వచ్చి, తెర ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"మోకాలెత్తండి," అన్నాడు. "మీలో పొట్టివాళ్ళ మోకాలు కాదు. పొడుగువాళ్ళది."